పాత స్టీల్ రేసింగ్ సైకిల్‌ను మళ్లీ రోడ్డెక్కించడం ఎలా: వయసు తేల్చడం నుంచి తొలి రైడ్ దాకా

పాత రేసింగ్ సైకిల్ ఒకటి చేతికొచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో గరాజ్ సేల్‌లో కొన్నవాళ్లు కొందరు. విదేశం నుంచి బంధువులు తెచ్చిపెట్టిన సైకిల్ మేడమీద తుప్పు పడుతుంటే చూడలేక అడిగేవాళ్లు ఇంకొందరు. అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ఉదాహరణకు 1970ల చివరి ఇటాలియన్ రేసింగ్ సైకిల్‌ను తీసుకున్నాను. స్టీల్ ఫ్రేమ్, ఇటలీ కంపెనీ కంపాన్యోలో వారి నువోవో రికార్డ్ భాగాలు, ఫ్రేమ్ ఏటవాలు గొట్టం మీద గేర్ లీవర్లు ఉండే రకం. ఇంగ్లిష్, ఫ్రెంచ్, జపాన్ సైకిళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

మొదటి మూడు అంచెలు పూర్తయ్యేదాకా పానా ముట్టుకోవద్దు. ఈ సైకిళ్లు పాడయ్యేది తుప్పు వల్ల కన్నా తొందరపడి తప్పు వైపు తిప్పడం వల్లే ఎక్కువ.

## 1. ముందు వయసు తేల్చండి

ఏ ఏడాదిదో తెలిస్తే ఏ భాగం అసలైనదో, ఏది తర్వాత ఎవరో మార్చారో తెలుస్తుంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయమంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది.

సీరియల్ నంబరుతోనే పని అయిపోతుందనుకోకండి. ఇటలీ తయారీదారుల్లో చాలామందికి నమ్మదగిన నంబర్ల జాబితాలు లేవు. భాగాల మీది గుర్తులే మంచి సాక్ష్యం.

- కంపాన్యోలో వెనక డెరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదకు జరిపే భాగం): 1970ల నుంచి దాని ఒంటిమీద పేటెంట్ అన్న మాట పక్కన రెండంకెలు పోతపోసి ఉంటాయి. 78 అని ఉంటే సుమారు 1978 నాటిది.
- కంపాన్యోలో హబ్ (చక్రం నడిమి భాగం) లాక్‌నట్లు: చాలా పాతవాటిలో కంపెనీ పేరు మూడక్షరాల పక్కన ఏడాది రెండంకెలు చెక్కి ఉంటాయి.
- జపాన్ కంపెనీ షిమానో భాగాలు: వెనకవైపు రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. మొదటిది ఏడాది: ఏ అంటే 1976, బీ అంటే 1977, అలా వరసగా. రెండోది నెల: ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్.

ఇక కంటితోనే కనిపెట్టగలిగేవి. గేర్ లీవర్ క్లిక్ క్లిక్‌మంటూ మారితే సైకిల్ 1980ల మధ్య తర్వాతది కావచ్చు, లేదా లీవర్లు మార్చి ఉండొచ్చు. షిమానో రేసింగ్ భాగాల సెట్టు డ్యూరా-ఏస్‌లో ఆ పద్ధతి వచ్చింది 1984లో. బూటును లాక్ చేసే లుక్ పెడళ్లు మార్కెట్లోకి వచ్చిందీ అదే ఏడాది. మరుసటి సంవత్సరం ఫ్రెంచ్ రేసర్ బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. బ్రేక్ లీవర్‌లోనే గేర్లు కలిసి ఉంటే అది 1990 తర్వాతి సరుకే.

ఒక్క భాగాన్ని చూసి తీర్పు చెప్పొద్దు. కనీసం నాలుగైదు గుర్తులు రాసుకోండి. ఎక్కువ భాగాలు ఒకటి రెండేళ్ల తేడాలో కలిస్తే ఫ్రేమ్ కూడా ఆ కాలానిదే అనుకోవచ్చు. చక్రాలు, సీటు, పెడళ్లు వాడకంలో మారిపోతాయి కాబట్టి వాటి సాక్ష్యం బలహీనం.

ప్రతి భాగానికీ రెండు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. కేబుల్ ఎటు నుంచి ఎటు పోయింది, ఏ వాషర్ దేని కింద ఉంది అన్నది తిరిగి బిగించేటప్పుడు ఒక్కటీ గుర్తుండదు.

## 2. ఫ్రేమ్ బతికే ఉందా?

ఫ్రేమ్ పోతే మిగతా పనంతా దండగ. అందుకే డబ్బు ఖర్చు పెట్టకముందే చూడాలి. కొనకముందే చూస్తే ఇంకా మంచిది.

తల గొట్టం వెనక. హ్యాండిల్ దిగే గొట్టానికి ఆనుకుని పైగొట్టం, ఏటవాలు గొట్టం కలిసే చోట అడుగు భాగాన వేలితో నిమరండి. చిన్న ఉబ్బు, అలలాంటి మడత తగిలితే సైకిల్ ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దింది. పెయింటు పగిలినట్టు అడ్డగీత ఉన్నా అదే అనుమానం.

ఫోర్కు. పక్కనుంచి చూస్తే ఫోర్కు పైభాగం తల గొట్టంతో ఒకే వరసలో ఉండాలి. కింద ముందుకు వంపు మొదలయ్యే దాకా తేడా కనిపించకూడదు. వెనక్కి వంగి ఉంటే తెలిసిపోతుంది.

దారం పరీక్ష. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే ఒకవైపు గాడికి దారం కట్టండి. దాన్ని తల గొట్టం చుట్టూ తిప్పి రెండోవైపు గాడికి తెచ్చి బిగించండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా సమానంగా రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పెద్ద లెక్కలోది కాదు. అంతకు మించితే ఫ్రేమ్ పనివాడికి చూపించాలి.

క్రాంక్, అంటే పెడల్ బిగించే చేయి. చైన్ వైపు క్రాంక్‌లో అయిదు చేతులు బయల్దేరే మూల దగ్గర పాత కంపాన్యోలో రికార్డ్ రకాలకు పగుళ్లు రావడం అందరికీ తెలిసిన జబ్బు. అక్కడ శుభ్రంగా తుడిచి కిరోసిన్ రాయండి. కాసేపటికి పొడిగుడ్డతో తుడిచేసి సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలికి దిగిన కిరోసిన్ సన్నని గీతలా సుద్దలోకి ఊరుతుంది. గీత కనిపిస్తే ఆ క్రాంక్ గోడకు తగిలించుకోవడానికే. ఎంత అందంగా ఉన్నా తొక్కొద్దు.

హ్యాండిల్‌బార్‌నూ, దాన్ని పట్టుకునే స్టెమ్‌నూ ఇలాగే చూడాలి. అల్యూమినియం చెప్పి విరగదు. బార్ స్టెమ్‌లో దూరే చోట గాట్లు, గీతలు ఉంటే అనుమానమే వద్దు, మార్చేయండి.

## 3. కొలతలు: ఇక్కడ తప్పితే అన్నీ తప్పుతాయి

పాత సైకిళ్లలో దేశానికో మర. ఇటాలియన్ షెల్‌లో ఇంగ్లిష్ కప్పును (బేరింగు బాల్సు కూర్చునే మర గిన్నెను) బలవంతంగా తిప్పితే రెండూ పోతాయి. వెర్నియర్ కాలిపర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

బాటమ్ బ్రాకెట్ షెల్, అంటే క్రాంక్ ఇరుసు దూరే గొట్టం. ముందు దీని వెడల్పు కొలవండి.

- 70 మి.మీ. ఉంటే ఇటాలియన్. మర 36 మి.మీ., అంగుళానికి 24 చుట్లు. రెండు కప్పులూ మామూలు మరే.
- 68 మి.మీ. ఉంటే ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్విస్ మూడింటిలో ఏదైనా కావచ్చు. జపాన్ సైకిళ్లు సాధారణంగా ఇంగ్లిష్ కొలతే.
- ఇంగ్లిష్‌లో మర 1.37 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. కుడి కప్పు రివర్స్ మర.
- ఫ్రెంచ్‌లో 35 మి.మీ., చుట్టుకు 1 మి.మీ. రెండూ మామూలు మరే.
- స్విస్‌లో కొలత ఫ్రెంచ్ లాంటిదే, కుడి కప్పు మాత్రం రివర్స్.

చాలా కప్పుల ముఖం మీదే మర కొలత చెక్కి ఉంటుంది. మురికి గీకి చదవండి. అదే ఖాయమైన జవాబు.

పెడళ్లు. ఇంగ్లిష్, ఇటాలియన్ రెండూ 9/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. పాత ఫ్రెంచ్‌లో 14 మి.మీ., చుట్టుకు 1.25 మి.మీ. రెండూ కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఇక్కడే చాలా క్రాంకులు బలైపోతాయి. చేత్తో రెండు మూడు చుట్లు సాఫీగా ఎక్కకపోతే ఆపేయండి.

సీటు పోస్టు. ఇటలీ కంపెనీ కొలంబస్ వారి ఎస్ఎల్ రకం గొట్టాల ఫ్రేముల్లో సాధారణంగా 27.2 మి.మీ. పడుతుంది. ఎస్పీ రకమైతే 27.0. ఫ్రెంచ్ ఫ్రేముల్లో 26.4 లాంటివీ ఉంటాయి. 0.2 తేడా ఏముందిలే అని చిన్నది పెట్టి బోల్టు బిగిస్తే ఫ్రేమ్ చెవులు దగ్గరకు వంగిపోతాయి.

స్టెమ్. ఫోర్కులోకి దిగే భాగం మామూలుగా 22.2, ఫ్రెంచ్‌లో 22.0. బార్‌ను పట్టే చోట పాత చినెల్లీ కంపెనీవి 26.4, త్రీటీ కంపెనీవి 26.0. మార్చాల్సి వస్తే బార్‌నూ స్టెమ్‌నూ జతగా తీసుకోండి.

వెనక చక్రం పట్టే వెడల్పు. గాడుల లోపలి దూరం కొలవండి. 120 మి.మీ. అయితే 5 స్పీడ్ (వెనక 5 పళ్ల చక్రాలు) కాలం, 126 అయితే 6, 7 స్పీడ్. ఇప్పటి 130 చక్రాన్ని లాగిపట్టి దూర్చొద్దు. ప్రతిసారీ ఫ్రేమ్ మీద ఒత్తిడి పడుతుంది, గాడులు సమాంతరంగా కూడా ఉండవు.

చక్రం సైజు. టైరు మీద చూడండి. 700సీ అంటే రిమ్ కొలత 622 మి.మీ., 27 అంగుళాలు అంటే 630. పేర్లు దగ్గరగా ఉన్నా టైర్లు మారవు. మన దగ్గర పాల సైకిళ్లకు వాడే 28 × 1½ టైరుది 635, అది ఈ రెండింటికీ పట్టదు. షాపులో అంగుళాల లెక్క చెప్పకుండా ఈ మూడంకెల కొలతే చెప్పి అడగండి.

కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. విడిభాగాలు కొనేటప్పుడు జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు.

## 4. పనిముట్లు, సామాను

మామూలు పానాల సెట్టు, ఆలెన్ కీలు ఎలాగూ కావాలి. అవి కాక తప్పనిసరిగా ఉండాల్సినవి:

- క్రాంక్ ఊడదీసే ఎక్స్‌ట్రాక్టర్. కంపాన్యోలో, జపాన్ క్రాంకులకు 22 మి.మీ. మర. పాత ఫ్రెంచ్ స్ట్రాంగ్‌లైట్‌కు 23.35, టీఏకు 23. తప్పుది పెడితే క్రాంక్ లోపలి మర ఊడి వస్తుంది.
- క్రాంక్ బోల్టుకు సాకెట్: కంపాన్యోలోకు 15 మి.మీ., షిమానోకు 14.
- మీ ఫ్రీవీల్‌కు (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తికి) సరిపోయే రిమూవర్. రెజీనా, సన్‌టూర్, షిమానో, మయ్యార్ ఒక్కో కంపెనీదీ ఒక్కో ఆకారం. ఫోటో చూపించి కొనండి.
- హబ్‌లో బాల్సును నొక్కిపెట్టే కోన్ల కోసం సన్నటి కోన్ పానాలు, చైన్ కట్టర్, బెంచీకి బిగించిన వైస్.
- గ్రీజు, తుప్పు వదిలించే నూనె, కిరోసిన్, పాత బనియన్ గుడ్డలు, రబ్బరు గ్లోవ్స్.

మన వీధి మెకానిక్ గురించి ఒక మాట. చక్రం ఒంపు తీయడంలో, కోన్లు సర్ది బాల్సు వేయడంలో చాలామంది చేయి తిరిగినవాళ్లు. ఆ పని నిశ్చింతగా ఇవ్వొచ్చు. కానీ పాల సైకిల్‌లాంటి రోడ్‌స్టర్ క్రాంక్‌కు కాటర్ పిన్ను ఉంటుంది, సుత్తితో కొట్టి తీస్తారు. అల్యూమినియం క్రాంక్‌కు పిన్ను ఉండదు. సుత్తి దెబ్బ పడితే అంతే సంగతులు. ఎక్స్‌ట్రాక్టర్ మీరే కొని, పక్కన నిలబడి తీయించండి.

## 5. విప్పే వరుస

చైన్, చక్రాలు, బ్రేకులు, డెరైలర్లు, పెడళ్లు, క్రాంకులు, బాటమ్ బ్రాకెట్, స్టెమ్, చివరికి ఫోర్కు. ఈ వరుసకు కారణం ఉంది. పెడళ్లకూ క్రాంకులకూ బలం పెట్టేటప్పుడు హ్యాండిల్, ఫోర్కు ఉంటే సైకిల్‌ను గట్టిగా పట్టుకోవచ్చు.

ఒక్క మినహాయింపు. ఫ్రీవీల్‌ను మాత్రం చక్రానికి చువ్వలు, రిమ్ ఉండగానే విప్పాలి. రిమ్ కోసేసి ఒట్టి హబ్ చేతిలో పట్టుకుంటే ఇక అది రాదు.

పెడళ్లు. ఎడమ పెడల్ రివర్స్ మర. గుర్తుండకపోతే ఇలా చేయండి: పానా పైకి ఉండేలా పెట్టి సైకిల్ వెనకవైపుకు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయి.

క్రాంక్. బోల్టు తీశాక దాని కింది వాషర్ కూడా వచ్చిందో లేదో చూడండి. వాషర్ లోపలే ఉండిపోతే ఎక్స్‌ట్రాక్టర్ దాన్నే నొక్కుతుంది, మర తెగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్‌ను చేత్తో చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే పానా పెట్టాలి.

కుడి కప్పు. లోపల మెరుపు బాగుంటే దాన్ని తీయకండి. ఉన్నచోటే కడిగి గ్రీజు పెట్టండి. తీయక తప్పకపోతే మూడో అంచెలో రాసుకున్న మర దిశ చూసుకుని తిప్పండి.

ఫ్రీవీల్. రెండు పళ్ల రిమూవర్ జారి గాళ్లను తినేస్తుంది. అందుకే రిమూవర్‌ను గాళ్లలో కూర్చోబెట్టి క్విక్ రిలీజ్ పుల్లతో (లీవర్‌తో చక్రం బిగించే సన్నటి కడ్డీతో) బిగించండి. ఆ రిమూవర్‌ను వైస్‌లో పట్టించి, చక్రాన్ని రెండు చేతులా బస్సు స్టీరింగ్‌లా ఎడమవైపు తిప్పండి. టక్కున కదిలిన వెంటనే పుల్ల వదులు చేయండి, లేకపోతే అది విరుగుతుంది.

బిగుసుకుపోయిన స్టెమ్. బోల్టు పూర్తిగా తీయొద్దు. మూడు నాలుగు చుట్లు వదిలి, పైన చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. లోపలి చీల కిందికి జారుతుంది. అప్పుడు ముందు చక్రం మళ్లీ తగిలించి కాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే పైకి వస్తుంది.

బిగుసుకుపోయిన సీటు పోస్టు. అందరినీ ఏడిపించేది ఇదే. స్టీల్‌లో అల్యూమినియం ఏళ్లతరబడి తడిలో ఉంటే రెండూ పట్టేసుకుంటాయి. వరుసగా ప్రయత్నించండి:

1. సైకిల్ తలకిందులు చేసి, బాటమ్ బ్రాకెట్ వైపు నుంచీ బయట అంచు నుంచీ తుప్పు నూనె పోయండి. రోజుకు రెండుసార్లు చొప్పున కొన్ని రోజులు.
2. ఫలితం లేకపోతే నూనె కడిగేసి అమోనియా పోయండి. అల్యూమినియం మీది బూడిదలాంటి పొరను అది కరిగిస్తుంది. ఆరుబయట, ముక్కుకు దూరంగా.
3. పోస్టు తలను వైస్‌లో బిగించి ఫ్రేమ్‌నే మీటలా మెల్లగా తిప్పండి. తల నలిగిపోతుంది, అది ముందే వదిలేసుకోవాలి. ఫ్రేమ్ మెలిపడుతోందనిపిస్తే ఆపండి.
4. చివరి దారి పోస్టును పైన కోసేసి లోపల రంపపు బ్లేడుతో నిలువునా గాడి తీయడం. ఓపికగల పని. గొట్టం తెగేదాకా కోయకూడదు.

కాస్టిక్ సోడాతో కరిగించే పద్ధతి కూడా ఉంది. దాన్ని నేను సిఫారసు చేయను. వేడెక్కి చిందుతుంది, మండే వాయువు వస్తుంది, పెయింటు పోతుంది, కళ్లకు ప్రమాదం.

## 6. శుభ్రం చేయడం, తుప్పు వదిలించడం

గోరువెచ్చటి నీళ్లు, కాస్త డిష్ సోపు, మెత్తటి గుడ్డ. మొదటి రోజు అంతకు మించి వద్దు. స్టిక్కర్ల మీద థిన్నర్, పెట్రోలు, ఆల్కహాల్ ఏవీ వద్దు. ఏ ద్రవమైనా ముందు షెల్ అడుగున కనిపించని చోట పరీక్షించండి.

కొత్తగా పెయింట్ వేయించాలా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. వద్దు. గీతలు పడ్డ అసలు పెయింటుకే విలువ, దాన్ని ఒకసారి గీకేస్తే తిరిగి రాదు. పైగా పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇంట్లో సాండ్‌పేపర్ పట్టడం ఆరోగ్యానికీ మంచిది కాదు. ఊడిన చోట్ల చిన్న బ్రష్‌తో అద్ది, పైన కారు వ్యాక్స్ పట్టిస్తే చాలు.

క్రోమ్ మీది తుప్పు చుక్కలకు అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి నీళ్లలో ముంచి రుద్దండి. స్టీల్ పీచు వాడితే గీతలు పడతాయి.

విడి స్టీల్ భాగాల తుప్పుకు ఆక్జాలిక్ యాసిడ్ బాగా పనిచేస్తుంది. పాలరాయి, బండల పాలిష్‌కు వాడేదే, మన ఊళ్లలో హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. లీటరు నీటికి ఒక చెంచాడు కలిపి రాత్రంతా నానబెట్టండి. తర్వాత వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. అల్యూమినియం భాగాలు అందులో వేయొద్దు. అది విషం కాబట్టి గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. బకెట్ పిల్లలకు అందకూడదు.

విశాఖపట్నంలాంటి సముద్రతీరంలో ఉండేవాళ్లు గొట్టాల లోపలి తుప్పును మర్చిపోకండి. ఫ్రేమ్ ఖాళీగా ఉన్నప్పుడే లోపల తుప్పు నిరోధక నూనె పోసి అన్ని వైపులా తిప్పి, రాత్రంతా కారనివ్వండి. మళ్లీ ఈ అవకాశం రాదు.

## 7. ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

తప్పక మార్చేవి: బ్రేక్ కేబుళ్లు, గేర్ కేబుళ్లు, బ్రేక్ రబ్బర్లు, టైర్లు, ట్యూబులు, అన్ని బేరింగ్ బాల్సు. చైన్‌ను కొలిచి నిర్ణయించండి.

చూసి నిర్ణయించేవి: హ్యాండిల్‌బార్, స్టెమ్, సీటు, ఫ్రీవీల్, కోన్లు, టో స్ట్రాపులు (పాదాన్ని పెడల్‌కు పట్టి ఉంచే పట్టీలు).

వదిలేయాల్సినవి: పెయింటు, స్టిక్కర్లు, చెక్కడాలు, అరగని లీవర్లు, అసలు సీటు తోలు ఎంత మచ్చలు పడినా.

బరువు తగ్గించడానికి భాగాలకు రంధ్రాలు వేయొచ్చా అని కూడా అడుగుతున్నారు. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన కొల్నాగో సైకిల్‌కు గొలుసుకూ హ్యాండిల్‌బార్‌కూ కూడా రంధ్రాలు వేశారు, నిజమే. అది నున్నటి ట్రాక్ మీద గంటసేపటి కోసం తయారైంది. మన గుంతల రోడ్ల మీద ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బార్ విరిగితే మూతి పళ్లు మిగలవు.

## 8. బేరింగులు

కప్పులు, కోన్లు కిరోసిన్‌లో కడిగి వెలుతురులో చూడండి. బాల్సు తిరిగే దారి నున్నగా, అద్దంలా ఉండాలి. గుంటలు ఉంటే ఆ కోన్ మార్చాలి. ఎంత గ్రీజు కుక్కినా గుంట పూడదు.

పాత బాల్సును వెర్నియర్‌తో కొలిచి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. బాటమ్ బ్రాకెట్‌కూ వెనక హబ్‌కూ చాలావరకు ¼ అంగుళం. ముందు హబ్‌కు ఎక్కువ కంపెనీలు 3/16 వాడితే కంపాన్యోలో రికార్డ్‌లో 7/32. కొత్తవి నాలుగు డబ్బులకు వస్తాయి, పాతవాటిని మళ్లీ వేయకండి. పాతా కొత్తా కలపకండి.

బిగించేటప్పుడు ముందు కొంచెం గట్టిగా పెట్టి, ఇరుసు వేళ్లతో తిప్పితే గరగరలాడని చోటుకు మెల్లగా వదలండి. క్విక్ రిలీజ్ హబ్‌లకు ఒక కిటుకు ఉంది. పుల్ల బిగిస్తే ఇరుసు రవ్వంత కుంచించుకుని బేరింగు ఇంకాస్త బిగుస్తుంది. అందుకే చక్రం బయట ఉన్నప్పుడు వెంట్రుకవాసి ఆట (వదులు) మిగల్చాలి. సైకిల్‌కు బిగించాక ఆ ఆట పోవాలి.

ఇటాలియన్ షెల్ ఉన్నవాళ్లకు ప్రత్యేక హెచ్చరిక. దాని కుడి కప్పు మామూలు మర కావడంతో తొక్కేకొద్దీ తనంతట తానే వదులవుతుంది. మర మీద లాకింగ్ ద్రవం వేసి గట్టిగా బిగించండి.

క్రాంక్ మార్చినవాళ్లు ఇరుసు కొలత కూడా చూసుకోవాలి. కంపాన్యోలో, జపాన్ ఇరుసుల చదరపు కొనలు కంటికి ఒకేలా ఉన్నా ఒకదాని క్రాంక్ రెండోదానికి నాలుగైదు మిల్లీమీటర్ల తేడాలో కూర్చుంటుంది. చైన్ వరస తప్పుతుంది.

## 9. చక్రాలు, టైర్లు

అసలు చక్రాలకు ట్యూబులర్ టైర్లు ఉంటే, అంటే ట్యూబుతో కలిపి కుట్టేసి రిమ్‌కు జిగురుతో అంటించే రకమైతే, పాత జిగురు మీద నమ్మకం పెట్టుకోవద్దు. మలుపులో టైరు ఊడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

అంటించే పద్ధతి క్లుప్తంగా: కొత్త టైరును జిగురు లేకుండా రిమ్‌కు తొడిగి గాలి కొట్టి ఒకరోజు సాగనివ్వండి. రిమ్‌కు ఒక పలుచటి పూత, టైరు అడుగు పట్టీకి ఒకటి వేసి ఆరనివ్వండి. రిమ్‌కు ఇంకో పూత వేసి, తడి కాస్త తగ్గాక తొడగండి. నిటారుగా కూర్చుందో లేదో తిప్పి చూసి గాలి నింపి ఒకరోజు కదపొద్దు.

రోజూ తొక్కాలనుకునేవాళ్లు ఆ చక్రాలను దాచిపెట్టి, మామూలు టైరు పట్టే 700సీ చక్రాల జత ఒకటి వేసుకోవడం మేలు. పంచరైతే ఎక్కడైనా అతుకు వేయించుకోవచ్చు.

27 అంగుళాల సైకిల్‌కు 700సీ చక్రం వేస్తే రిమ్ అంచు 4 మి.మీ. కిందికి పోతుంది. బ్రేక్ రబ్బరు అంత కిందికి జరుగుతుందో లేదో ముందే చూసుకోండి.

## 10. చైన్, గేర్లు

చైన్‌ను స్కేలుతో కొలవండి. కొత్త చైన్‌లో పన్నెండు పూర్తి లింకుల పొడవు సరిగ్గా 304.8 మి.మీ., అంటే 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగితే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగి ఉంటాయి.

5, 6 స్పీడ్ ఫ్రీవీల్‌కు ఇప్పటి 8 స్పీడ్ చైన్ చక్కగా నడుస్తుంది. రోడ్‌స్టర్ చైన్ వెడల్పు ఎక్కువ, అది వేయొద్దు.

డెరైలర్‌కు రెండు స్క్రూలు ఉంటాయి: ఒకటి చిన్న పళ్ల చక్రం వైపు హద్దు, ఒకటి పెద్దదాని వైపు. కేబుల్ కలపకముందే చేత్తో నెడుతూ ఈ హద్దులు పెట్టండి. పెద్ద చక్రం వైపు హద్దు సరిగా లేకపోతే చైన్ చువ్వల్లోకి పడి వెనక చక్రం లాక్ అవుతుంది.

లీవర్ క్లిక్ లేనిది కాబట్టి ఎక్కడ ఆపాలో చెవితో తెలుసుకోవాలి. గేర్ తనంతట తాను జారిపోతుంటే లీవర్ మీది రింగు స్క్రూ కాస్త బిగించండి. సగం ఫిర్యాదులు దీంతోనే తీరతాయి.

ఎత్తులెక్కేవాళ్లు లెక్క ముందే వేసుకోవాలి. నాటి రేసింగ్ క్రాంక్‌లో ముందు 52, 42 పళ్లు. కంపాన్యోలో క్రాంక్‌లో పళ్ల చక్రం బిగించే 144 మి.మీ. బోల్టుల వృత్తానికి 41కి తక్కువ పళ్ల చక్రం పట్టదు. నువోవో రికార్డ్ డెరైలర్‌కు వెనక కంపెనీ చెప్పిన గరిష్ఠం 26 పళ్లు. అంటే అతి తేలిక గేర్ 42/26, పెడల్ ఒక చుట్టుకు చక్రం సుమారు 1.6 చుట్లు. ఇప్పటి సైకిల్‌లో 34/28 అంటే 1.2. మోకాళ్లు నొప్పి పుడితే పొడవు చేయి ఉన్న అదే కాలపు డెరైలర్, పెద్ద ఫ్రీవీల్ వెతుక్కోండి. అసలైనది డబ్బాలో భద్రంగా పెట్టుకోండి.

## 11. బ్రేకులు

కేబుల్, దాని గొట్టం రెండూ కొత్తవి వేయండి. గొట్టం కోసిన చోట అంచును ఆకురాయితో చదును చేయాలి. అక్కడ నలిగి ఉంటే ఎంత నూనె పోసినా లీవర్ బరువుగానే ఉంటుంది.

గట్టిపడ్డ పాత రబ్బర్ల బదులు కొత్తవి వేస్తే ఆగే దూరం ఒక్కసారిగా తగ్గుతుంది. రూపం చెడకూడదనుకుంటే పాత లోహపు తొడుగుల్లోనే కొత్త రబ్బరు దూర్చుకోవచ్చు. తొడుగు మూసి ఉన్న వైపు ముందుకు ఉండాలి. తిరగేస్తే బ్రేక్ వేయగానే రబ్బరు జారి చక్రంలో పడుతుంది.

లీవర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు తగలకూడదు. రెండు చేతులా గట్టిగా పదిసార్లు నొక్కి చూడండి. కేబుల్ జారేదైతే ఇక్కడే జారాలి, రోడ్డు మీద కాదు.

## 12. తొలి రైడ్, ఆ తర్వాత

ఇంటి చుట్టుపక్కల, ట్రాఫిక్ లేని వేళ. బయల్దేరేముందు:

- స్టెమ్, సీటు పోస్టు కనీసం వాటి మీద గీసిన హద్దు దాకా లోపలికి దిగాయా?
- ముందు బ్రేక్ పట్టి సైకిల్ ముందుకూ వెనక్కూ ఊపితే హెడ్‌సెట్‌లో (ఫోర్కు తిరిగే బేరింగులో) టకటక వస్తోందా?
- క్విక్ రిలీజ్ లీవర్లు అరచేతిలో గుర్తు పడేంత గట్టిగా మూసుకున్నాయా?
- క్రాంక్ బోల్టులు బిగుతుగా ఉన్నాయా?
- టో స్ట్రాపు ఒక్క వేలితో వదులవుతోందా? అలవాటయ్యేదాకా ఊర్లో వదులుగానే ఉంచండి.

ఒక గంట తొక్కి వచ్చాక అన్ని బోల్టులూ మరోసారి చూడండి. కొత్త కేబుళ్లు సాగుతాయి, మళ్లీ లాగి కట్టాలి. కొత్త చైన్‌తో బలంగా తొక్కినప్పుడు పళ్ల మీద ఎగిరిపడుతుంటే ఆ ఫ్రీవీల్ అరిగిపోయింది, సర్దుబాటుతో బాగుపడదు.

ఇటలీలోని గయోలే ఇన్ కియాంతిలో ఏటా అక్టోబర్‌లో జరిగే పాత సైకిళ్ల రైడ్ లెరోయికాకు తీసుకెళ్లాలనుకునే ప్రవాసులకు అదనపు జాబితా: సైకిల్ 1987 లేదా అంతకు ముందుది కావాలి, గేర్ లీవర్లు ఏటవాలు గొట్టం మీదే ఉండాలి, పెడళ్లకు టో క్లిప్పులు స్ట్రాపులు ఉండాలి, బ్రేక్ కేబుళ్లు హ్యాండిల్ పైనుంచి బయటికి కనిపించాలి. టైర్లు కొత్తవి వాడుకోవచ్చు, తేలిక గేర్ల కోసం పళ్ల చక్రాలు మార్చుకోవచ్చు. దారిలో చాలా భాగం తెల్లటి కంకర మట్టి కాబట్టి ఫ్రేమ్‌లో పట్టినంత వెడల్పు టైరు వేసుకోండి. ట్యూబులర్ వాడేవాళ్లు విడి టైరు ఒకటి మడిచి సీటు కింద కట్టుకోవాలి, అంతకుముందే ఒకసారి రిమ్‌కు తొడిగి సాగదీసిపెట్టినదై ఉండాలి.